కెనడా ఆవిడ, నేను చదవని రెండో పేజీ

మా అమ్మాయికి ఐస్ హాకీ నేర్పిన కోచ్ చనిపోయారని నాకు ఈమెయిల్‌లో తెలిసింది. మంగళవారం పొద్దున నేపర్‌విల్‌లో షికాగో రైలెక్కి, కిటికీ పక్కన సీటు దొరికిందని సంతోషపడుతూ ఫోన్ తీశాను. హాకీ క్లబ్ నుంచి మెయిల్. ‘మన కుటుంబంలో విషాదం’ అని పైన. ఆవిడ శుక్రవారం ఇంట్లోనే గుండె ఆగి పోయారట. క్లబ్‌కి తల్లిలాంటివారట. శనివారం మధ్యాహ్నం ఐస్ రింక్ లాబీలో అందరం చేరి ఆవిడను తలుచుకుందామట. కింద హెడ్ కోచ్ పేరు.

రెండేళ్ల కిందట ఆవిడను ఆ రింక్ నుంచి పంపేసింది ఆ హెడ్ కోచే. పంపేయడానికి అతను వాడుకున్న కాగితం మీద నా సంతకం కూడా ఉంది. అందుకని మెయిల్ చదవగానే నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం అతని మీద ఎంతో, నా మీద ఎంతో తేల్చుకోలేక, దిగాల్సిన స్టేషన్ వచ్చేదాకా ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఇంట్లో మేము ఆవిడను ‘కెనడా ఆవిడ’ అనేవాళ్లం. మా కెజియా ఓసారి నోరు జారి ఆ సంగతి ఆవిడకే చెప్పేసింది. “బాగుంది. నా పాస్‌పోర్ట్ కూడా అదే చెబుతుంది” అని నవ్వారు. ఆవిడ మాటలన్నీ ఇంగ్లీషులోవే. ఆవిడ ‘యూ’ అంటే నాకు మాత్రం ఎప్పుడూ ‘నువ్వు’ అనే వినిపించేది. అలాగే రాస్తున్నాను.

కెజియాకు ఏడేళ్లప్పుడు, క్లాసులో ఒక పిల్ల బర్త్‌డే పార్టీ ఆ రింక్‌లో చేశారు. మా పిల్ల మంచు మీద కాలు పెట్టడం అదే మొదలు. పెట్టడమేమిటి, పడటమే. నేను అద్దానికి ఇవతల నిలబడి, పడ్డప్పుడల్లా “ప్రభువా” అనుకుంటున్నాను. పక్కన ఒక పొడుగాటి పెద్దావిడ, తెల్లజుట్టు పొట్టిగా కత్తిరించుకుని, థర్మోస్ మూతలో టీ తాగుతూ ఆవిడా మా పిల్లనే చూస్తున్నారు.

“ఆ ఆకుపచ్చ టోపీ పిల్ల మీ అమ్మాయా?”

అవునన్నాను. ఇదే ఫస్ట్ టైమ్, ఏమీ అనుకోవద్దు అని కూడా అన్నాను, ఎందుకన్నానో తెలియదు.

“పడ్డాక పిల్లలందరూ అమ్మ ఎక్కడుందా అని చూస్తారు. ఈ పిల్ల లేచి ఎటు వెళ్లాలా అని చూస్తోంది. ఆదివారం పొద్దున ఏడింటికి తీసుకురా.”

“ఆదివారం మాకు చర్చ్ ఉంటుంది.”

“ఎన్నింటికి?”

“మాది తెలుగు చర్చ్. మధ్యాహ్నం రెండింటికి.”

“అయితే దేవుడు నీకు పొద్దుటి పూట ఖాళీ ఇచ్చాడన్నమాట” అని, టీ మూత విదిలించి వెళ్లిపోయారు.

మా ఆయన ఒప్పుకోలేదు. “టెన్నిస్ ఉంది, స్విమ్మింగ్ ఉంది. ఈ కొట్టుకునే ఆటే దొరికిందా మీకు? ఆడపిల్ల, ముందు పళ్లు ఊడితే?” అన్నారు. ఆదివారం తనే వచ్చి, అదే ప్రశ్న కాస్త మర్యాదగా ఆవిడను అడిగారు. ఆవిడ అటు తిరిగి, ఇటు తిరిగి, అరచేయి చాపారు. అందులో రెండు పెట్టుడు పళ్లు. “పదహారేళ్లప్పుడు పోయాయి. ఇవి లేకుండానే ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది, దేశం తరఫున ఆడాను. ఇంకేమైనా అడగాలా?” మా ఆయన “నో, నో, థాంక్యూ” అని రెండడుగులు వెనక్కి వేశారు.

దేశం తరఫున అని ఆవిడ అన్నది ఆ ఒక్కసారే. తర్వాత ఆ మాట మేమే తవ్వి తీయాల్సి వచ్చింది. ఆవిడది కెనడాలో, బాగా ఉత్తరాన, నికెల్ గనుల ఊరు. అన్నల పాత స్కేట్స్‌లో కాగితాలు కుక్కుకుని చెరువు మీద నేర్చుకున్నారు. పదకొండేళ్లకు మగపిల్లల జట్టులో ఆడేవారు. కోచ్ ఆవిడ మేనమామే, ఆడపిల్లని ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకోలేదు. పొరుగూరి టోర్నమెంట్‌లో అవతలి జట్టువాళ్లు హెల్మెట్ కింద జడ చూసి గొడవ చేశారు. మేనమామ వచ్చి, ట్రక్‌లో కూర్చోమని తాళాలిచ్చాడు. ఆట అయిపోయేదాకా ట్రక్‌లోనే కూర్చున్నారట. జట్టు గెలిచింది. ఫోటో దిగారు. ఆ ఫోటోలో ఆవిడ లేరు.

“మామయ్య మీద నాకు కోపం రాలేదు. ఆయనకు దారి లేదు. జట్టులో ఉన్నవాళ్లందరూ నేను పాస్ ఇస్తే గోల్ కొట్టినవాళ్లే. ఒక్కడూ ట్రక్ వైపు తిరిగి చూడలేదు, దానికొచ్చింది” అన్నారు. యాభై ఏళ్ల పైనాటి సంగతి అది. చెబుతూ థర్మోస్ మూత బిగించారు. అది అప్పటికే బిగించి ఉంది.

పెద్దయ్యాక ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేశారు. సెలవు పెట్టి విమానమెక్కి దేశం తరఫున ఆడి, సోమవారం పొద్దున మళ్లీ మంచులో సంచి భుజాన వేసుకుని ఉత్తరాలు పంచేవారు. ఆవిడ ఉత్తరం అందించిన ఇళ్లల్లో కొందరు ముందురోజు టీవీలో, మగవాళ్ల ఆటల మధ్య, ఆవిడ ఆట గురించి ఒక్క నిమిషం వార్త విన్నవాళ్లే, గుర్తుపట్టినవాళ్లు మాత్రం లేరు. అమెరికన్‌ని పెళ్లి చేసుకుని ఇల్లినాయ్ వచ్చారు. ఆయన పోయాక వెనక్కి వెళ్లలేదు. రింక్‌లో ఆడపిల్లలకు జట్టు లేదని తెలిసి, ఆరుగురితో మొదలుపెట్టారు. మేము చేరేనాటికి లాకర్ రూమ్ సరిపోయేది కాదు.

ఆ లాకర్ రూమ్‌లోనే ఆవిడ అసలు పాఠం జరిగేది. మోకాలి మీద కూర్చుని చిన్నపిల్లల స్కేట్స్ తాళ్లు బిగిస్తూ, తన దేశం ఆడవాళ్ల కథలు చెప్పేవారు. ఒకరోజు రాత్రి అన్నం దగ్గర కెజియా మొదలుపెట్టింది.

“నాన్నా, డు యూ నో, కెనడాలో విమెన్ పర్సన్స్ కాదు అని కోర్ట్ చెప్పింది.”

“ఊరుకో. ఎవరు చెప్పారు?”

“కోచ్. సెనేట్‌లోకి వెళ్లాలంటే పర్సన్ అవ్వాలి. విమెన్ పర్సన్ కాదంట. దెన్ ఫైవ్ లేడీస్ ఫైట్ చేసి గెలిచారు. కానీ కోచ్ ఏం చెప్పిందంటే, వాళ్లు గెలిచినా నేటివ్ విమెన్‌కి ఓట్ రాలేదు, చాలా ఇయర్స్. గెలిచినవాళ్లు డోర్ క్లోజ్ చేశారా, ఓపెన్ పెట్టారా చూడాలి అంది.”

కాళ్లు పడిపోయి, ఆసుపత్రి మంచం మీదే పరీక్షలు రాసి, యుద్ధవిమానాలు తయారుచేయించిన ఇంజినీరమ్మ గురించి చెప్పారు. సినిమా హాల్లో తెల్లవాళ్ల సీటులో కూర్చుందని ఈడ్చుకెళ్లి జైల్లో పెట్టిన నల్లజాతి ఆవిడ గురించి చెప్పారు. ఆవిడకు ప్రభుత్వం క్షమాపణ చెప్పేసరికి ఆవిడ పోయి ఎన్నో ఏళ్లయిందని కెజియా చెప్పినప్పుడు, మా ఆయన “ఎందుకింక చెప్పడం?” అన్నారు. ఆ ప్రశ్న కెజియా మోసుకెళ్లి ఆవిడనే అడిగింది. “చచ్చినవాళ్లకు చెవులుండవు. కానీ పక్కన బతికున్నవాళ్లకు ఉంటాయి” అన్నారట.

తల్లిదండ్రులు పిల్లల సంచులు మోస్తే ఊరుకునేవారు కాదు. పిల్లంత సంచి, పిల్లే ఈడ్చుకురావాలి. ఫలానా డాక్టర్ గారి అమ్మాయి, ఫలానా వైస్ ప్రెసిడెంట్ గారి అమ్మాయి అని ఎవరైనా పరిచయం చేస్తే, “మంచుకు ఆ సంగతి తెలియదు” అనేవారు. ఆట ఓడిపోయినా అందరికీ సమానంగా ఆడే వంతు ఇచ్చేవారు. మాలో కొందరికి అదే నచ్చలేదు. నిజం చెప్పాలి, కెజియా బాగా ఆడటం మొదలయ్యాక నాకూ అప్పుడప్పుడూ నచ్చేది కాదు.

ఇప్పటి హెడ్ కోచ్‌ని అప్పట్లో అసిస్టెంట్ కోచ్‌గా తెచ్చింది ఆవిడే. ఎక్కడో చిన్న లీగ్‌లో ఆడి, భుజం పోయి, ఉద్యోగం లేకుండా ఉన్న మనిషి. పిల్లలతో ఎలా మాట్లాడాలో దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పారు. అతనికి కూతురు పుడితే ఎర్ర ఊలుతో టోపీ అల్లారు. మా అందరి ముందూ అతని భుజం మీద చెయ్యి వేసి, “నాకు పిల్లల్లేరని ఎవరన్నారు?” అనేవారు.

రెండేళ్ల కిందట, ఫిబ్రవరిలో, ప్రాక్టీస్ అయ్యాక పార్కింగ్ లాట్‌లో సురేఖ నన్ను ఆపింది. సురేఖది వరంగల్. వాళ్లమ్మాయీ మా అమ్మాయీ ఒకే జట్టు. ఆరేళ్లుగా ఒకరి పిల్లను ఒకరం డ్రైవ్ చేసుకుంటూ తిరిగినవాళ్లం.

“రూత్, ఒక్క నిమిషం. గీ లెటర్ మీద సైన్ చెయ్యవా?”

“ఏంటిది?”

“ఏం లేదు. కోచ్ ఈ సీజన్ తోటి రిటైర్ అయితున్నదంట. ఆమెకు థాంక్స్ చెప్పుకుంట, కొత్త ట్రావెల్ టీమ్‌కి సపోర్ట్ అని పేరెంట్స్ అందరం ఇస్తున్నం.”

“రిటైర్ అవుతున్నారా? నాతో అనలేదే.”

“అందరికి చెప్తదా? అసిస్టెంట్ కోచ్‌కి చెప్పిందంట. జల్ది చెయ్, చలి పెడ్తున్నది. కాలేజ్ రిక్రూటర్లు వచ్చే పెద్ద టోర్నమెంట్లకు ఆయన గా టీమ్‌ను ఊరూరు తీస్కపోతడంట. కెజియా పేరు ఫస్ట్ లిస్ట్‌లనే ఉన్నది.”

రెండు పేజీలు. మొదటి పేజీ నిండా పొగడ్తలు. రెండో పేజీలో సగందాకా ఏదో ఉంది, దాని కింద సంతకాలు. చలికి చేతులు వణికాయనో, సురేఖ తొందరపెట్టిందనో చెప్పుకుంటే నాకు సుఖంగా ఉంటుంది. కానీ కాగితం నా చేతిలోనే ఉంది. ఆఫీసులో నా పనే చదవడం. ఒక్క అక్షరం తేడా ఉంటే సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఆపించేదాన్ని. ఆ సగం పేజీ చదవడానికి అర నిమిషం చాలు. ఫస్ట్ లిస్ట్ అన్న మాట చెవిన పడ్డాక నేను చదవదలుచుకోలేదు. కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశాను.

ఆ సగం పేజీలో ఏముందో నాకు చెప్పింది కెనడా ఆవిడే. తర్వాతి శనివారం వెళ్లేసరికి ఆవిడ తన కారు డిక్కీలో స్కేట్స్ డబ్బా పెట్టుకుంటున్నారు. నన్ను చూసి, కోటు జేబులోంచి కాగితం తీసి విప్పారు.

“ఇది నీ సంతకమేనా?”

“అవును. మీరు రిటైర్ అవుతున్నారని...”

“నా పద్ధతులు పాతబడ్డాయట. పిల్లల భద్రత నాకు పట్టదట. తల్లిదండ్రులుగా మాకు ఆవిడ మీద నమ్మకం పోయింది, వెంటనే తప్పించండి అని ఉంది. క్లబ్ బోర్డుకు రాసిన ఉత్తరం ఇది. గురువారం నన్ను కూర్చోబెట్టి చదివి వినిపించారు. చదివింది నా అసిస్టెంటే.” కాగితం మడిచారు. “నువ్వు చదివావా?”

“లేదు.”

ఆవిడ కాగితం జేబులో పెట్టుకున్నారు. “చదివి పెట్టి ఉంటే బాగుండేది. నా మీద నీకు కోపం ఉందనుకునేదాన్ని. కోపానికి ఏదో ఒకటి చేయొచ్చు.”

డిక్కీ మూసి, కారెక్కి వెళ్లిపోయారు.

ఇంటికి రాగానే సురేఖకు ఫోన్ చేశాను. “రెండో పేజీలో ఏముందో నీకు తెలుసా?”

“తెల్సు.”

“మరి నాకు చెప్పలేదేం?”

“చెప్తే చేస్తుంటివా?”

“చేసేదాన్ని కాదు.”

“అందుకే చెప్పలే” అంది. గొంతులో ఏ తడబాటూ లేదు. “పిల్లల ఫ్యూచర్ రూత్. ఆమె మంచిదే, ఎవరు కాదన్నరు?”

ఆరేళ్ల స్నేహం అక్కడితో సరి. కానీ ఆ ఫోన్ పెట్టేశాక నాకు తట్టింది, సురేఖ నాకు చేసినదే నేను ఇంకొకరికి చేశానని. సురేఖ కనీసం కళ్లు తెరుచుకుని చేసింది.

కెజియాకు జట్టులో పిల్లల ద్వారా తెలిసింది. “అమ్మా, నువ్వు సైన్ చేశావా? యెస్ ఆర్ నో.”

“చేశాను, కానీ విను...”

వినలేదు. కంచం సింక్‌లో పెట్టి పైకి వెళ్లిపోయింది. తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. ట్రావెల్ టీమ్‌కి వెళ్లనంది. ఆ ఫస్ట్ లిస్ట్ కాగితం రీసైక్లింగ్ బుట్టలో కనిపించింది.

నా సంతకం వెనక్కి తీసుకుంటున్నానని, అందులో రాసినవి అబద్ధాలని బోర్డుకు మెయిల్ రాశాను. అప్పటికి హెడ్ కోచ్ అయిన మనిషి జవాబిచ్చాడు: మీ భావోద్వేగం అర్థమైంది, నిర్ణయం అయిపోయింది. అంతే.

కెనడా ఆవిడ ఆట మానలేదు. ముప్పావుగంట దూరంలో ఒక పాత రింక్‌లో ఆదివారాలు పొద్దున ఆరింటికి మంచు దొరికించుకున్నారు. ఐదుగురు పిల్లలు వెళ్లారు, అందులో మా అమ్మాయి ఒకతి. ఆ రెండేళ్లూ నేనే డ్రైవ్ చేశాను. ఆవిడ నాతో ఎప్పుడూ మర్యాదగానే ఉన్నారు. “రోడ్డు ఎలా ఉంది? జారుతోందా?” అనేవారు. రెండేళ్లు మేము రోడ్ల గురించే మాట్లాడుకున్నాం. అంతకుముందు ఆవిడ నన్ను తిట్టేవారు, ఆటపట్టించేవారు, మా చర్చ్‌లో పాటలు ఎందుకంత పొడుగు అని అడిగేవారు. అవన్నీ ఆగిపోయాయి. మర్యాద అంత చల్లగా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

కిందటి నవంబర్‌లో ఒకరోజు ధైర్యం చేశాను. “నన్ను క్షమించండి. ఎప్పుడో చెప్పాల్సింది.”

ఆవిడ మంచు మీంచి చూపు తిప్పలేదు. “బోర్డుకు రాశావా?”

“రాశాను. అప్పుడే.”

“ఎంతమంది రాశారు?”

“నాకు తెలిసి నేనొక్కదాన్నే.”

“ఒక్కరున్నారన్నమాట” అన్నారు. క్షమించానని అనలేదు. నేను మళ్లీ అడగలేదు.

శనివారం సభకు ముగ్గురం వెళ్లాం. లాబీలో మడత కుర్చీలు, పూలు. ముందు వరుసలో బూడిదరంగు కోటులో ఆవిడ చెల్లెలు. కెనడా నుంచి వచ్చారు. అదే పొడుగు, అదే ముక్కు. హెడ్ కోచ్ లేచి మాట్లాడాడు. ఆవిడ నాకు అమ్మ అన్నాడు. పనిని తన చేతులతో నాకు అప్పగించి విశ్రాంతి తీసుకున్నారు అన్నాడు. గొంతు పూడుకుపోయింది అతనికి. అది నటన కూడా కాదనుకుంటాను. రెండేళ్లలో తన అబద్ధాన్ని తనే నమ్మేశాడు. రెండు వరుసల ముందు సురేఖ కళ్లు తుడుచుకుంటోంది.

ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగారు. మా ఆయన నా వైపు చూసి, “వద్దులే, ఇప్పుడెందుకు” అన్నారు మెల్లగా. నేను లేచాను. నాకు ఆఫీసు మీటింగ్‌లో మాట్లాడటానికే చెమటలు పడతాయి. ఏం మాట్లాడానో పూర్తిగా గుర్తులేదు. ఆవిడ రిటైర్ అవలేదు, మేము తీసేశాం అన్నాను. ఆ ఉత్తరంలో ఉన్నది అబద్ధమని, దాని మీద చదవకుండా సంతకం చేసినవాళ్లలో నేనొకదాన్నని, చదివి చేసినవాళ్లు కూడా ఈ గదిలో ఉన్నారని అన్నాను. హెడ్ కోచ్ తన బూట్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను కూర్చున్నాను. కెజియా నా చెయ్యి పట్టుకోలేదు కానీ, తన కుర్చీ నా కుర్చీకి ఆనుకునేలా జరుపుకుంది.

అందరూ కాఫీల వైపు వెళ్తుంటే ఆ చెల్లెలు నా దగ్గరికి వచ్చారు. నన్ను మెచ్చుకుంటారని నేనేమీ అనుకోలేదు. ఆవిడ ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

“రిటైర్ అయ్యానని ఫోన్‌లో చెప్పింది. మీరంతా పెద్ద పార్టీ చేశారంది. కేక్ మీద ఏం రాశారో కూడా చెప్పింది.” ఆగారు. “కేక్ లేదా?”

“లేదండీ.”

ఆవిడ తల ఊపారు. నేను నిజం చెప్పాననుకున్నాను. ఒక మనిషి తన చెల్లెలి ముందు పరువుగా ఉండటానికి కట్టుకున్న చిన్న గోడను కూడా నేనే కూల్చాను. ఆ కేక్ గురించి ఆలోచించి, దాని మీద అక్షరాలు కూడా ఊహించుకుని, ఒంటరిగా ఇంట్లో ఫోన్ పట్టుకుని చెప్పిన మనిషిని తలుచుకుంటే ఇప్పటికీ నాకు మింగుడు పడదు.

“ఆదివారాలు పొద్దున ఎప్పుడు ఫోన్ చేసినా తీసేది కాదు. ఎక్కడికి వెళ్లేది?” అని అడిగారు చివరికి.

“ఐ కెన్ షో యూ” అంది కెజియా.

మర్నాడు పొద్దున ఆవిడను హోటల్ నుంచి ఎక్కించుకుని ఆ పాత రింక్‌కు తీసుకెళ్లాం. మిగతా నలుగురు పిల్లలూ వచ్చారు. నేర్పేవాళ్లు లేరు. వాళ్లంతట వాళ్లే గీతల వెంట అటూ ఇటూ తిరుగుతున్నారు. చెల్లెలు కాసేపు గోడ పక్కన నిలబడి చూశారు. తర్వాత కౌంటర్ దగ్గరికి వెళ్లి, అద్దె స్కేట్స్ తెచ్చుకుని, బెంచీ మీద కూర్చుని తొడుక్కున్నారు. ఆవిడకు డెబ్భై దాటి ఉంటాయి. వద్దని చెప్పాలని లేచి, మళ్లీ కూర్చున్నాను.

మంచు మీదికి దిగాక ఆవిడ ఒక్కసారి కూడా గోడ పట్టుకోలేదు. పిల్లలు ఆట ఆపి పక్కకు జరిగారు. కోటు గుండీలు విప్పకుండా, నల్ల హ్యాండ్‌బ్యాగ్ మోచేతికి తగిలించుకుని, తల కొంచెం వంచి, ఆవిడ ఒక్కరే ఆ ఖాళీ మంచు మీద రెండో చుట్టు తిరుగుతున్నారు.